అరవై రెండో పేరు

ఎర్‌నజర్ పామీర్ కొండలు దిగిన రోజున అతని చేతిలో ఉన్నవి ఇవి: రెండు మూటల ఉన్ని, ఒక జడల బర్రె, దాని మీద పాత జీను, తోలుసంచీ నిండా కురుత్, అంటే ఎండు పెరుగు ఉండలు. ఆ ఉన్ని నలభై గొర్రెలకు మారుగా వచ్చింది. నలభైలో అతని వాటా ఇరవై, తక్కిన ఇరవై అన్న ఒషుర్‌వి. "నీకు బేరం వచ్చు, నాకు రాదు. పట్టుకెళ్లు" అన్నాడు అన్న. అంతే, చేతులు దులుపుకుని మంద వైపు వెళ్లిపోయాడు. అది జరిగి పద్నాలుగేళ్లయింది. ఇప్పుడు వేరే దేశంలో, నరీన్ పట్టణంలో, పౌరసత్వం వ్యవహారాలు చూసే కార్యాలయం రెండో అంతస్తులో, గోడవారగా వేసిన చెక్కబల్ల మీద కూర్చుని ఎర్‌నజర్ ఆ లెక్కే మళ్లీ మొదటి నుంచి వేసుకుంటున్నాడు, ఎక్కడో ఒకచోట తప్పు దొరుకుతుందేమో, దొరికితే గుండె కొంచెం తేలికవుతుందేమో అని. పక్కన చిన్నాన్న కొడుకు తాష్‌బాయ్, కొత్త తెల్లటోపీ తలమీద నిటారుగా నిలబెట్టుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఫోటో తీయించుకునేవాడిలా బిగుసుకు కూర్చున్నాడు.

పదకొండింటికి పిలుస్తామన్నారు. పది దాటింది. తాష్‌బాయ్ జేబులోంచి రెండు కురుత్ ఉండలు తీసి, ఒకటి అతని అరచేతిలో పెట్టాడు.

"నోట్లో వేసుకో అన్నా, ఇది కరిగేలోపు పిలుస్తారు. వదిన చేతిది. సంచీలో ఇంక ఇవే మిగిలాయి. కొరకమాకు, పళ్లు ఊడొస్తాయ్."

వదిన అంటే ఒషుర్ భార్య. ఎర్‌నజర్ ఉండని నాలుక మీద పెట్టుకున్నాడు. ముందు ఉప్పు తగిలింది, తర్వాత పులుపు, ఆ తర్వాత, చాలా లోపలి నుంచి వచ్చినట్టు, పిడకల పొగ. గులకరాయంత గట్టిపడిన ఆ ఎండు పెరుగుకి తొందర లేదు, ఎవరి కోసమూ కరగదు, అక్కడ దూరాలు కూడా దానితోనే కొలిచేవాళ్లు, ఈ కనుమ ఒక కురుత్ దూరం, ఆ సరస్సు రెండు కురుత్‌ల దూరం అని, వస్తువులేమో గొర్రెల్లో, టీ పొడి మూటకి ఒకటి, ఫోనుకి రెండు, మంచి బర్రెకి పది, పెళ్లికూతురికి వంద. నోట్లు చూసినవాళ్లే తక్కువ. అతను ఇక్కడికి వచ్చిన కొత్తలో బజారులో ఉన్ని చెప్పులు అమ్ముతూ ప్రతిదాన్నీ మనసులో గొర్రెల్లోకి మార్చుకునేవాడు, అలా మార్చుకోబట్టే మోసపోలేదు, గొర్రె అబద్ధమాడదు కదా, దాని నడుము మీద చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. ఇప్పటికీ మారుస్తాడు. దుకాణం మూడు వందల గొర్రెలు. ఇల్లు ఐదు వందలు. భార్య సైరా ఈ ఊరి పిల్ల, ఆమెను గొర్రెల్లో కొలిస్తే చెంప పగలగొడుతుంది. ఇద్దరు ఆడపిల్లలు, వాళ్లకి కురుత్ అంటే ఇష్టం లేదు, సాక్సుల వాసనంటారు. జేబులో నీలం అట్ట పాస్‌పోర్టు, దానికి ఎన్ని గొర్రెలో అతనెప్పుడూ కట్టలేదు. కట్టబోతే లెక్క తిన్నగా వెళ్లి అన్న దగ్గర ఆగుతుంది.

"అన్నా, తాతల్ని ఏడుగురిని చెబితే చాలా, తొమ్మిదిమందిని చెప్పమంటావా?"

"పోయినసారి చెప్పావుగా."

"మళ్లీ అడిగితే? తోక్తర్ పెదనాన్న, వాళ్ల నాన్న సమన్‌కుల్, వాళ్ల నాన్న ఆయిత్‌బెక్..."

"వీళ్లకి చచ్చినవాళ్లతో పని లేదురా. బతికున్నవాళ్లనే అడుగుతారు."

తాష్‌బాయ్ ఆ మాటకి నవ్వాడు, పక్కన తన వంతు కోసం కూర్చుని నిద్రపోతున్న ఒక లారీ డ్రైవరు కూడా కళ్లు తెరవకుండానే నవ్వాడు. ఎర్‌నజర్ మాత్రం సొంత మాటనే మళ్లీ విన్నాడు. బతికున్నవాళ్లనే. ఫారంలో ప్రశ్న అదే కదా, తొమ్మిదో పేజీలో, 'విదేశాల్లో నివసిస్తున్న దగ్గరి బంధువులు' అని, నాలుగు గీతలు గీసి. ఆ ప్రశ్న తయారుచేసిన మనిషి బల్ల ముందు కూర్చుని అమ్మ, నాన్న, అన్నదమ్ములు అనుకుని నాలుగు గీతలు గీసి ఉంటాడు. తాష్‌బాయ్‌కి దగ్గరి బంధువు అంటే ఏడో తాత దాకా ఒక్కటే గుడారం. ఒకణ్ణి వదిలేస్తే వాణ్ణి పాతిపెట్టినట్టే. ఇక్కడి అక్షరాలు రావు వాడికి, అందుకని మార్చి నెలలో రెండు మధ్యాహ్నాలు దుకాణం వెనక చెప్పుల గుట్టల మధ్య కూర్చుని వాడు చెబుతుంటే ఎర్‌నజర్ రాశాడు. నాలుగు గీతలు దాటింది, అంచులు నిండాయి, వేరే కాగితాలు తెచ్చి అంటించాడు. మేనత్తలు, వాళ్ల అల్లుళ్లు, కుంటి మమత్, ఇద్దరు భార్యల మమత్, గుర్రం తన్నిన మమత్. వాడు వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతున్నాడు, ఒక్కొక్క కణుపుకి ఒక్కొక్క పేరు. రెండో రోజు టీ తాగి కప్పు పక్కన పెట్టి, "ఇప్పుడు పెద్దన్న, ఒషుర్, తోక్తర్ కొడుకు" అన్నాడు. ఎర్‌నజర్ కలం కాగితం మీదే ఉంది. కదిలింది కూడా. పైన రాసిన పేరు కింద ఒక గీత గీసింది, శుభ్రంగా, రాస్తున్నట్టే, వాడికి చదవడం రాదు కదా. ఆ గీత గీయడానికి పట్టింది ఒక్క ఊపిరి. "ఎన్నయ్యాయి?" అన్నాడు తాష్‌బాయ్ చివర్లో. "అరవై రెండు" అన్నాడు ఎర్‌నజర్. కాగితం మీద ఉన్నవి అరవై ఒకటి.

రాస్తే ఏమయ్యేది? రాస్తే తాష్‌బాయ్ అర్జీ ఆగేది, కార్యాలయం వెతికేది, ఒషుర్ తోక్తర్ కొడుకు ఎవడని వెతికి, ఎర్‌నజర్ తోక్తర్ కొడుకు ఎవడని ఇటు తిరిగేది. పదకొండేళ్ల కింద అదే ప్రశ్నకి అదే పేజీలో అతను రాసిన జవాబు రెండు మాటలు: 'ఎవరూ లేరు'. అప్పుడు బజారులో అందరూ అనుకునేది ఒకటే, అవతల తుపాకీ పట్టినవాడు ఇంట్లో ఉన్నాడని తెలిస్తే భద్రత వాళ్లు అర్జీని పక్కన పెట్టేస్తారు, అబద్ధం రాసినట్టు తర్వాత తేలినా ఇచ్చిన పౌరసత్వం వెనక్కి లాక్కుంటారు అని. రెండిట్లో ఏది నష్టమో అతను వ్యాపారస్థుడిలా చూసుకున్నాడు. మొదటిది ఖాయం, రెండోది అనుమానం. అనుమానాన్ని కొనుక్కున్నాడు. పదకొండు నెలల్లో పాస్‌పోర్టు వచ్చింది. ఆ రోజు గొర్రెని కోసి వీధంతా పిలిచాడు, సైరా వాళ్ల మావయ్య రెండు చేతులు చాచి దీవెన చదివాడు, నీ వెనక నీ వాళ్లందరూ రావాలి అని, అందరూ అరచేతులు ముఖానికి రాసుకున్నారు, అతనూ రాసుకున్నాడు.

ఉప్పు అయిపోయింది, పులుపే మిగిలింది. కురుత్ ఇంకా సగం పైనే ఉంది.

తుపాకీ సంగతి కూడా లెక్కలోకి రావాలి. ఆ లోయ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మనిషి గుర్రమెక్కి వచ్చేవాడు, తను కొండ దిగడానికి రెండేళ్ల ముందు వచ్చినవాడు గుడారానికి ఒక మగవాడు కనుమ కాపలాకి రావాలన్నాడు, చలికాలానికి ఒక బస్తా పిండి ఇస్తామన్నాడు. పెళ్లికానివాణ్ణి ముందు రాసుకున్నారు, అంటే ఎర్‌నజర్‌ని. తెల్లవారి మంచులో గుర్రాలు నిలబడి ఉన్నాయి, అతను గుడారం గుమ్మం దాటలేదు, అప్పుడు ఒషుర్ వదిన కప్పిన కోటు విదిలించుకుని బయటికొచ్చి, "వీడా? వీడు గొర్రెని చూసి కూడా బేరమాడతాడు, కాల్చడు. నేనొస్తా" అన్నాడు. గుర్రాలవాళ్లు పగలబడి నవ్వారు. ఎర్‌నజర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది, అన్న మాట కంటే ఎక్కువగా. మూడు చలికాలాలు అన్న ఆ రాళ్ల మధ్య కూర్చున్నాడు. ఎవరినీ కాల్చలేదట, ఒకసారి తోడేలుని కాల్చాడట, తగల్లేదట. రెండో చలికాలం తర్వాతే ఆ ఇరవై గొర్రెలు ఇచ్చాడు. పేరుకి పేరు, తన పేరు ఉండాల్సిన చోట అన్న పేరు ఎక్కింది, అన్న పేరు ఉండాల్సిన చోట తాను గీత గీశాడు. ఇంత చక్కగా సరిపోయిన లెక్కని బజారులో ఎవడైనా చూపిస్తే ఇందులో దొంగతనం ఉందని అతనే అనేవాడు.

తాష్‌బాయ్ పక్కన కాళ్లు సర్దుకున్నాడు. వాడి బూట్లు ఎర్‌నజర్ దుకాణంలోవే, తగ్గించి ఇచ్చాడు, ఊరికే ఇవ్వబోయి ఎందుకో తగ్గించి ఇచ్చాడు. వాడు అక్కడ నలుగురు పిల్లల్ని రాళ్ల కింద పాతిపెట్టి వచ్చాడు. ఐదోది ఇక్కడి ఆసుపత్రిలో పుట్టింది, ఆడపిల్ల, తొమ్మిది వారాలు. నర్సు సూది వేస్తుంటే ఏడ్చిందని వాడు బజారంతా చెప్పుకుని తిరిగాడు, ఎంత గట్టిగా ఏడ్చిందో, ఆ గొంతు ఉన్నది చావదు అన్నా అని. ఇక్కడ ఉండటానికి వాడికిచ్చిన గడువు కాగితం నెలాఖరు దాకా ఉంది. తర్వాత ఆ గొంతుని దుప్పట్లో చుట్టి మళ్లీ పైకి తీసుకెళ్లాలి.

ఇది తెలిసి కూడా అతను నిజం చెప్పలేదు. రెండు వారాల కింద ఈ కార్యాలయంలో అర్జీలు చూసే అధికారిణి, నురిపా, నలభై ఏళ్ల మనిషి, మామూలు బట్టల్లో దుకాణానికి వచ్చి చెప్పులు అటూ ఇటూ తిప్పి చూసి, తీరిగ్గా అడిగింది, "తాష్‌బాయ్ ఫారంలో చేతిరాత మీదేనా అన్నా?" అని.

"నాదే చెల్లీ. వాడికి మన అక్షరాలు రావు."

"ఆయన చెప్పినవన్నీ రాశారా?"

"చెప్పింది చెప్పినట్టు రాశాను. చెప్పనిది నేనెలా రాస్తాను?"

"తాష్‌బాయ్ తన పెదనాన్న పేరు తోక్తర్ అన్నాడు. మీ నాన్నగారి పేరు కూడా తోక్తరే కదూ."

"మా కొండల్లో రాయి విసిరితే తోక్తర్‌కి తగుల్తుంది."

ఆమె నవ్వింది. చెప్పులకి తగ్గించి ఇవ్వబోతే ఒప్పుకోలేదు, చెప్పిన ధర ఇచ్చి వెళ్లింది. చెప్పనిది నేనెలా రాస్తాను. ఆ మాట ఎంత నున్నగా వచ్చింది, ముందే చెక్కిపెట్టుకున్నట్టు, ఒక్క పుల్ల గుచ్చుకోకుండా. అన్నని ఒకసారి చంపాడు, అది పాతది. తమ్ముణ్ణి అబద్ధాలకోరుని చేశాడు, ఇది కొత్తది. ఆ రోజు సాయంత్రం తాష్‌బాయ్ దుకాణానికి వచ్చి తలుపు రేకు నూనె పెట్టి బాగుచేసి వెళ్లాడు, అడగలేదు కూడా.

తలుపు తెరుచుకుంది. "తాష్‌బాయ్‌గారు!"

వాడు లేచి, టోపీ సర్దుకుని, "నువ్వు ఇక్కడే ఉండన్నా" అని లోపలికి వెళ్లాడు. తలుపు గొళ్లెం సరిగ్గా పడదు, వేలెడు సందు ఉండిపోయింది. ఆ సందులోంచి కిటికీ వెలుగు నేల మీద సన్నగా పడింది. ఎర్‌నజర్ దాన్నే చూస్తూ విన్నాడు.

"అరవై ఒక్కమంది ఉన్నారు. ఇంకెవరైనా?"

"లేరు."

"ఒషుర్ అని ఒకాయన ఉన్నాడు. తోక్తర్ కొడుకు. కనుమ దగ్గర తుపాకీతో ఉన్నవాళ్ల జాబితా ఒకటి మా దగ్గరుంది, అందులో. మీకేమవుతాడు?"

కిటికీ అద్దం మీద ఈగ కొట్టుకుంటోంది.

"మరిచిపోయాను తల్లీ."

"మరిచిపోయారా? పోయినసారి ఏడుగురు తాతల్ని అడక్కుండానే తొమ్మిదిమందిని చెప్పారు. మేనత్త అల్లుడి గుర్రం పేరు కూడా చెప్పారు."

"మతిమరుపు. కొండ ఎత్తుకి మా అందరికీ అంతే."

"కొండ దిగి ఏడు నెలలైందిగా."

"అందుకే. ఇక్కడ గాలి మరీ ఎక్కువైపోయింది."

ఆమె నవ్వలేదు. "చూడండి, ఇది దాచారని రాస్తే నేను ముందుకు పంపలేను. మళ్లీ ఐదేళ్ల దాకా అడగడానికుండదు. పాప సంగతి ఆలోచించుకోండి. ఒక్కసారి గుర్తుచేసుకోండి."

"గుర్తు రావట్లేదు తల్లీ. రాసుకోండి."

ఆ కొండల్లో మగవాడు తన గురించి చెప్పుకోగల మాటల్లో అంతకంటే హీనమైనది లేదు. దొంగనని చెప్పుకోవచ్చు, పిరికివాణ్ణని చెప్పుకోవచ్చు, నా వాడి పేరు మరిచానని ఎవడూ చెప్పడు. తాష్‌బాయ్ చెప్పాడు. టీ కావాలా అంటే వద్దన్నట్టు చెప్పాడు. ఎర్‌నజర్‌కి ముందు అర్థం కాలేదు, నిజంగా మరిచాడా, వీడా, తర్వాత అర్థమైంది, అంటే వీడికి తెలుసు, ఎప్పటినుంచి, ఎంతవరకు. అప్పుడు కూడా అతని బుర్ర ఆగలేదు, ఇప్పుడు నోరు మూసుకుంటే పాస్‌పోర్టు ఉంటుంది, దుకాణం ఉంటుంది, ఐదేళ్లలో ఇంకో దారి చూడొచ్చు, పాపకి మందులు పంపొచ్చు, లారీవాడు తెలిసినవాడే. ఇప్పుడు లోపలికెళ్లి చెబితే ఆవిడ మెత్తబడొచ్చు, తనంతట తానే చెప్పాడని, దానికీ కొంత ధర ఉంటుంది. రెండు వైపులా తూచుతున్న ఆ చేతుల్ని ఎర్‌నజర్ చూశాడు. తనవే. గుడారం ముందు మళ్లీ గుర్రాలు నిలబడి ఉన్నాయి, ఎవరో తన బదులు కోటు విదిలించుకుని బయటికొచ్చారు, ఇది రెండోసారి. కురుత్ ఇంకా శనగగింజంత ఉంది. పళ్ల మధ్య పెట్టి కొరికేశాడు. దవడ దాకా నొప్పి లాగింది. లేచాడు.

నురిపా తలెత్తి చూసింది. "మిమ్మల్ని పిలవలేదన్నా."

"ఆ పేరు వీడు చెప్పాడు. నేను రాయలేదు."

"అన్నా, ఊరుకో" అన్నాడు తాష్‌బాయ్, నేల చూపులు చూస్తూ.

"వాడు చెప్పినవి అరవై రెండు. ఒషుర్ మా అన్న. ఒక్క తల్లి కడుపున పుట్టాం."

ఆమె సొరుగు తీయలేదు, కాగితాలు వెతకలేదు. ముందే పక్కన పెట్టుకున్న ఒక పాత ఫైలు తెరిచింది. "మీ ఫారంలో ఎవరూ లేరని ఉంది."

"అదీ నా చేతిరాతే."

"తుపాకీ ఎందుకు పట్టాడాయన?"

ఎర్‌నజర్ ధర చెప్పడానికి ఎప్పుడూ తడుముకోని మనిషి. ఇప్పుడు చెప్పింది ధర కాదు. "నా పేరు పిలిచారు. ఆయన వెళ్లాడు" అన్నాడు.

ఆమె ఒక తెల్లకాగితం, కలం ముందుకి తోసింది. ఇద్దరి కాగితాలూ పైకి వెళ్తాయని చెప్పింది. తాష్‌బాయ్‌ది దాచినట్టు రాయనని, కానీ పరిశీలన మళ్లీ మొదటి నుంచి జరుగుతుందని, గడువు మూడు నెలలు పెంచమని అడుగుతానని. ఎర్‌నజర్ పాస్‌పోర్టు ఇక్కడ పెట్టి వెళ్లాలని. ఏమవుతుందని అడిగితే, "నా చేతుల్లో లేదన్నా, చెబితే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది" అంది. అతను రాశాడు. ఈ దేశపు అక్షరాల్లో అన్న పేరు ఎప్పుడూ రాయలేదు, మొదటి అక్షరాన్ని రెండుసార్లు దిద్దాడు. తర్వాత గడిలో సంబంధం అని ఉంది. అన్న, అని రాశాడు.

మెట్ల దగ్గర ఎండ బాగా కాస్తోంది.

"నీకెప్పుడు తెలుసురా?"

"పోయిన నెలే. ఆవిడ పైకి చదువుతుంటే కణుపుల మీద లెక్కపెడతానుగా. చిటికెన వేలు చివర ఒక కణుపు మిగిలిపోయింది."

"మరి అడగలేదే?"

"అడిగితే నువ్వు నాకు ఏదో ఒకటి చెప్పాలి కదన్నా. ఎందుకులే అనుకున్నా." వాడు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "పద, పాపకి పాలపొడి కొనాలి. బూట్లకి తగ్గించినట్టు దానికి తగ్గించరేమో."

బజారు వైపు నడుస్తూ ఎర్‌నజర్ లెక్క చూసుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది. జేబులో పాస్‌పోర్టు లేదు, దాని బదులు అరచేయంత చీటీ ఉంది, దాని మీద ముద్ర సగమే పడింది. వదిలేసి వచ్చిన దేశం తనని తీసుకోదు, ఈ దేశం ఉంచుకుంటుందో లేదో తెలియదు. దుకాణం సైరా పేరు మీదకి మార్చాలి, ఆమెకి ఇవన్నీ చెప్పాలి, అన్న ఉన్నాడనే సంగతి దగ్గర్నుంచి. వీడి పాపకి దొరికితే మూడు నెలల గడువు. నోట్లో పగిలిన పన్ను, దాని సందులో పొగ వాసన. ఇక ఆ గదిలో, ఆవిడ బల్ల మీద, తెల్లకాగితం మీద తన చేతిరాతతో ఒక పేరు. పద్నాలుగేళ్ల వ్యాపారంలో చేతికొచ్చింది ఆ ఒక్కటే. అది కూడా అన్నదే.